‘రన్’కి 645 అర్థాలట, నిజమేనా?

మొదటి పోస్టు:
ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో ‘రన్’ అనే ఒక్క క్రియకే 645 అర్థాలున్నాయని చదివాను. మేం చిన్నప్పుడు క్విజ్ కోసం ‘సెట్’ అని బట్టీ పట్టాం. ఏది సరి? ఒక మాటకి ఇన్ని అర్థాలుంటే ఇంగ్లిష్ వాళ్ళు ఒకళ్ళ మాట ఒకళ్ళకి ఎలా తెలుస్తుందో! మన తెలుగే నయం, ఒక మాటకి ఒక అర్థం.

జవాబు:
రెండూ సరేనండీ, కాలం వేరు. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన రెండో కూర్పులో ‘సెట్’ క్రియకి 430 అర్థాలు. దాని వివరణే 60,000 మాటలు. మూడో కూర్పు కోసం ‘రన్’ని తిరగరాసే పని పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడి మీద పడింది. ఆ ఒక్క మాటతో తొమ్మిది నెలలు కుస్తీ పడితే 645 తేలాయి. 2011లో ఈ సంగతి పత్రికలకెక్కింది.

అంకెని చూసి జడుసుకోకండి. అర్థాల లెక్క చాలావరకు నిఘంటుకారుడి కత్తి పదునుని బట్టి ఉంటుంది. మనిషి పరిగెత్తడం, గుర్రం పరిగెత్తడం ఒకటా రెండా? ఆక్స్‌ఫర్డ్ వాళ్ళది మరీ సన్నగా తరిగే చెయ్యి.

నాకు అంతకంటే సరదా, అదే ‘రన్’ని తెలుగులో పెట్టబోతే జరిగేది. నది పారుతుంది, ముక్కు కారుతుంది, మిషను నడుస్తుంది, నాటకం ఆడుతుంది, బట్ట రంగు దిగుతుంది. ఒక్కటీ పరిగెత్తదు! యంత్రానువాదాల్లో “ముక్కు పరిగెత్తుతోంది” కనిపిస్తే నవ్వుతాం కానీ, పాపం దానికి పక్కమాట మీద శ్రద్ధ లేదు, అంతే. ఎన్నికల సంగతి ఇంకా బాగుంటుంది. అమెరికా వాళ్ళు ఎన్నికల్లో పరిగెత్తుతారు, బ్రిటన్ వాళ్ళు నిలబడతారు. మనమూ నిలబడే బాపతే.

ఇంకో సభ్యురాలు:
“తెలుగే నయం, ఒక మాటకి ఒక అర్థం” అన్నారే, అక్కడ ఆగాలి మీరు. ‘ఆడు’ తీసుకోండి. ఆట ఆడతాం, అబద్ధం ఆడతాం, వేటాడతాం, పోట్లాడతాం, పెళ్ళాడతాం. ఊపిరి ఆడాలి, చేతిలో డబ్బు ఆడాలి. కంగారుపడితే కాళ్ళూ చేతులూ ఆడవు. ఎవరైనా తొమ్మిది నెలలు కూర్చుంటే మనకీ ఎన్ని తేలతాయో. సంస్కృతం జోలికెళ్తే మరీను. అమరకోశం నానార్థవర్గంలో ‘హరి’కి యముడు, గాలి, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహం, కిరణం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప అని వరసగా చెప్పి, చివర్లో కపిలవర్ణం కూడా కలిపారు. దేవుడి నుంచి కప్ప దాకా ఒకే పేరు!

మొదటి పోస్టు పెట్టినవారు:
ఒప్పుకున్నానమ్మా, చెంపలేసుకున్నాను. కానీ ఒక సందేహం. నది గట్టునీ, డబ్బు దాచే చోటునీ కూడా ‘బ్యాంక్’ అంటారు కదా, ఇది కూడా ఆ లెక్కలోకే వస్తుందా?

జవాబు:
రాదండీ. అవి వేరువేరు దారుల్లో ఇంగ్లిష్‌లోకి వచ్చిన రెండు మాటలు. గట్టు అర్థంలోది ఉత్తరాది స్కాండినేవియా భాషల వైపు నుంచి వచ్చింది. డబ్బుది ఇటలీలో డబ్బు మార్చేవాళ్ళ బల్ల పేరు. నిఘంటువులో వేరువేరుగానే ఇస్తారు. మరీ వెనక్కి పోతే పాత జర్మానిక్ భాషల్లో రెండూ దూరపు చుట్టాలే అనుకోండి.

మరో సభ్యుడు:
చర్చ ‘రన్’ మీదే ఆగిపోతోంది. నా ఓటు ‘ఛార్జ్’కి.

దీని మూలం లాటిన్‌లో బండి. బండికెత్తడం, అంటే బరువు వెయ్యడం, దీని మొదటి అర్థం. ‘కార్’, ‘కార్గో’, ‘క్యారీ’ అన్నీ ఆ ఇంటి పిల్లలే. ఇటలీలో అతిగా బరువేసి గీసిన బొమ్మ ‘కారికేచర్’ అయింది. ఇక బరువు దేనిమీద వేస్తే అది కొత్త అర్థం. మనిషి నెత్తిన పని వేస్తే బాధ్యత, తప్పు వేస్తే అభియోగం, కొన్నవాడి మీద వేస్తే రుసుము. తుపాకీలో మందు కూరితే అదీ ఛార్జే. 1740లలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ లేడెన్ జాడీల్లో (విద్యుత్తు నిల్వచేసే గాజు జాడీలు) విద్యుత్తు నింపడానికి ఇదే మాట వాడాడు. ఆ జాడీలను వరసగా కలిపి పెట్టినదానికి ఫిరంగుల వరస పేరైన ‘బ్యాటరీ’ పెట్టింది కూడా ఆయనే. ఇవాళ ఫోన్‌లో బ్యాటరీ ఛార్జింగ్ అంటున్నామంటే సగం యుద్ధభాష మాట్లాడుతున్నట్టే.

ఇదేమీ వాళ్ళ సొత్తు కాదు. మనం నేరం ‘మోపుతాం’. కట్టెల మోపు నెత్తికెత్తినట్టే కదా!

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇది: ఆ ఒక్క ఇంగ్లిష్ మాటని తెచ్చుకున్నాక తెలుగువాడు దాన్ని ముక్కలు చేశాడు. టికెట్‌కి కట్టేది చార్జీ. ఫోన్‌కి పెట్టేది ఛార్జింగు. కోర్టులో వేసేది ఛార్జిషీటు. ఆఫీసులో ఉండేవాడు ఇన్‌ఛార్జి. పోలీసులు చేసేది లాఠీచార్జి. “ఫోన్‌కి చార్జీ పెట్టు” అని ఎవరూ అనరు, “ప్రయాణానికి ఛార్జింగెంత” అనీ అడగరు. ఇంగ్లిష్‌లో పక్కమాట చూసి పోల్చుకోవాల్సినదాన్ని మనం తోక చూసి పోల్చుకుంటున్నాం. ఇంగ్లిష్ కలిసి తెలుగు పాడైపోతోందని ఏడ్చేవాళ్ళు ఈ పనితనం ఒకసారి చూడాలి.

ఇంకో సభ్యురాలు:
‘ఫాస్ట్’ కూడా వింతే. దాని అసలు అర్థం వేగం కాదు, గట్టిగా కదలకుండా ఉండటం. ఉపవాసం అనే అర్థమూ నియమాన్ని గట్టిగా పట్టుకోవడం నుంచే. గట్టిగా అంటే బలంగా, బలంగా పరిగెడితే వేగంగా... అలా జారుకుంటూ పోయి తలకిందులైంది. మనం “గట్టిగా పట్టుకో” అంటాం, “గట్టిగా మాట్లాడు” అనీ అంటాం. ఒకటి పట్టు, రెండోది గొంతు. మన మాట వేగం దాకా పోలేదు, అంతే తేడా.

జవాబు:
బాగా చెప్పారు. ఒకటి కలుపుతాను. ఎక్కువ వాడే మాటకే ఎక్కువ అర్థాలని జార్జ్ జిప్ఫ్ అనే అమెరికా భాషావేత్త 1945లో లెక్క కట్టాడు. వాడకం వంద రెట్లయితే అర్థాలు దాదాపు పది రెట్లు. పనిముట్టు చేతికి అలవాటైతే ప్రతి పనికీ అదే అందుకుంటాం కదా.

మొదటి పోస్టు పెట్టినవారు:
క్విజ్ ప్రశ్న అనుకుని పెట్టాను, ఇంత లాగుతుందనుకోలేదు. ‘బుక్’ అంటే పుస్తకం, టికెట్ బుక్ చేస్తాం, కేసు బుక్ చేస్తారు, మరి ఎక్కడైనా ఇరుక్కుపోతే “బుక్కయ్యాను” అంటాం. ఈ చివరిది ఇంగ్లిష్ వాళ్ళకి చెప్తే అర్థమవుతుందంటారా? ఇవాళ మాత్రం “తెలుగే నయం” అని నేనే బుక్కయ్యాను.