ఆల్జినేట్ పూసలు 6.8 పీహెచ్ వద్ద విచ్చిపోతున్నాయి: కారణం ఏమిటి?

ప్రశ్న (ఎం.ఫార్మసీ విద్యార్థిని, హనుమకొండ):
నమస్కారం. డైక్లోఫెనాక్ సోడియం (నొప్పి తగ్గించే మందు) కలిపిన సోడియం ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే జిగురు పదార్థం) ద్రావణాన్ని కాల్షియం క్లోరైడ్‌లో చుక్కలుగా వదిలి పూసలు తయారుచేశాను. జీర్ణాశయాన్ని పోలిన 1.2 పీహెచ్ ఆమ్లంలో 2 గంటలు ఉంచినా మందు దాదాపు బయటికి రాలేదు గానీ, చిన్నపేగును పోలిన 6.8 పీహెచ్ ఫాస్ఫేట్ బఫర్ (పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణం) లోకి మార్చిన కొద్దిసేపటికే పూసలు ఉబ్బి విచ్చిపోయాయి. విడుదల నెమ్మదించాలంటే ఏం మార్చాలి?

జవాబు 1 (అధ్యాపకుడు, వరంగల్):
ఆల్జినేట్‌లోని కార్బాక్సిల్ సమూహాల పీకేఏ (సగం సమూహాలు ఆవేశం పొందే పీహెచ్) సుమారు 3.5 కాబట్టి ఆమ్లంలో వాటికి ఆవేశం ఉండదు, జెల్ ముడుచుకుంటుంది, 6.8 వద్ద అవి ఋణావేశం పొంది పరస్పరం వికర్షించుకోవడంతో నీరు లోపలికి చేరుతుంది. అయితే పూసలు విచ్చిపోవడానికి అసలు కారణం బఫరేనని నా అభిప్రాయం. ఆల్జినేట్ అణువుల పొడవాటి గొలుసులను ముడివేసి ఉంచిన కాల్షియంను ఫాస్ఫేట్ లాగేసుకుంటుంది, ఆ స్థానంలోకి సోడియం వస్తుంది. పూసలపై చిటోసాన్ (రొయ్య పెంకుల వంటివాటి నుంచి తీసే పాలిమర్) పూత వేసి చూడండి. దాని ధనావేశం ఆల్జినేట్ ఋణావేశంతో కలిసి గట్టి పొరగా ఏర్పడుతుంది. ఇక్కడి మే ఎండల్లో పూసలను ఆరబెట్టినప్పుడు ‘గది ఉష్ణోగ్రత’ అని రాసి వదిలేయకుండా, ఎన్ని డిగ్రీలో తప్పక నమోదు చేయండి.

జవాబు 2 (పరిశోధక విద్యార్థి, కరీంనగర్):
ఒక ముఖ్యమైన విషయం మరువకండి. డైక్లోఫెనాక్ స్వతహాగానే ఆమ్లంలో సరిగా కరగదు. కాబట్టి మొదటి 2 గంటల ఫలితాన్ని జెల్ గొప్పతనంగా రాసుకోవడం సరికాదు. ఆమ్లంలోనూ బాగా కరిగే మధుమేహం మందు మెట్‌ఫార్మిన్ హైడ్రోక్లోరైడ్‌తో అవే పూసలు చేసి పోల్చండి.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు సార్. చిటోసాన్ నీటిలో కరగడం లేదు, ఏం చేయాలి?

జవాబు 1:
1 శాతం ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి, పీహెచ్‌ను 5 దగ్గరికి తెచ్చాక పూసలను అందులో ముంచండి.