ఏరోబిక్, అనేరోబిక్: అసలు తేడా ఏంటి?

ప్రశ్న: 40 నిమిషాలు జాగింగ్ చేసినా ఆయాసం రాదు, కానీ మెట్ల మీద ఒక్క పరుగు తీస్తే అర నిమిషానికే తొడలు మండిపోతాయి. ఎందుకిలా?

జవాబు 1: జాగింగ్‌లో కండరాలకు ఆక్సిజన్ సరిపడా అందుతుంది కాబట్టి కొవ్వు, గ్లూకోజ్ రెండూ నిదానంగా ఖర్చవుతాయి, అది ఏరోబిక్. మెట్ల మీద అంత వేగానికి ఆ పద్ధతి చాలదు, అందుకే కండరం ఆక్సిజన్ లేకుండానే గ్లూకోజ్‌ను వాడేస్తుంది, అది అనేరోబిక్. అలా ఒక్కో గ్లూకోజ్ అణువుకి 2 ఏటీపీలే (కణాలు శక్తి కోసం వాడుకునే అణువులు) మిగులుతాయి, ఆక్సిజన్‌తో అయితే దాదాపు 30.

జవాబు 2: మాట్లాడుతూ చేయగలిగితే ఏరోబిక్, రెండు మాటలకే రొప్పు వస్తే అనేరోబిక్ వైపు వెళ్లినట్టే. గీత గీసినట్టు విడిపోవు లెండి, 400 మీటర్ల పరుగులో రెండూ ఉంటాయి.

జవాబు 3: వ్యాయామం చేసిన మర్నాటి నొప్పులకు, ఆక్సిజన్ లేకుండా గ్లూకోజ్ వాడినప్పుడు కండరంలో తయారయ్యే లాక్టిక్ యాసిడే కారణమని ఎవరో చెబితే ఏళ్ల తరబడి నమ్మాను! అది గంట, గంటన్నరలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. ఆ నొప్పి ఎక్కువగా అలవాటు లేని పనికి కండరంలో పడే సన్నటి దెబ్బల వల్ల.