మేకు కొట్టకూడని అద్దె ఇంట్లో తొలి బొమ్మల కొలువు

ప్రశ్న: వైట్‌ఫీల్డ్_వలస

అందరికీ నమస్కారం. మాది గుంటూరు వైపు. మా పుట్టింట్లో బొమ్మల కొలువు సంక్రాంతికి పెట్టేవారు. బెంగళూరు వచ్చి ఆరేళ్లయింది. ఇక్కడ మా అంతస్తులోని కన్నడ, తమిళ కుటుంబాలవారందరూ దసరాకే పెడుతుండడంతో, ఏడేళ్ల మా అమ్మాయి పట్టు పట్టగా, ఈ ఏడాది మేమూ నవరాత్రులకే పెట్టాలని నిశ్చయించుకున్నాము. మహాలయ అమావాస్యకు ఇంకా ఇరవై రోజులున్నాయి కానీ, ఇద్దరమూ ఉద్యోగస్థులం కనుక మా చేతిలో ఉన్నవి శని, ఆదివారాలు మాత్రమే.

గోడకు మేకు గానీ, రంగు ఊడదీసే టేపు గానీ తగలకూడదని ఇంటి యజమాని షరతు. మెట్ల స్టాండు కొంటే పండుగ తరవాత దాచుకునే చోటు లేదు. మా దగ్గరున్నవి అమ్మ ఇచ్చిన ఒక జత తిరుపతి చెక్క బొమ్మలు, నాలుగు కొండపల్లి బొమ్మలు. వాటిలో ఒకదానికి చెయ్యి విరిగింది. మిగిలినవి కొనకుండా అమ్మాయితో కలిసి చేసుకోవాలని ఉంది. పేరంటానికి పాతికమంది దాకా వస్తారు. తాంబూలంతో పాటు వారికిచ్చే చిన్న కానుక కూడా చేతితో చేసినదైతే సంతోషం. కుట్టుమిషను ఉంది కానీ నాకింకా చెయ్యి తిరగలేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: అట్టపెట్టెల_ఆవిడ

మీకు మూడు మెట్లు చాలునండీ. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలన్న ఆనవాయితీకీ అది సరిపోతుంది. ఒక్కొక్క మెట్టు 20 సెంటీమీటర్ల ఎత్తు, 25 సెంటీమీటర్ల లోతు అనుకుంటే మొత్తం 60 సెంటీమీటర్ల ఎత్తు, 75 సెంటీమీటర్ల లోతుతో ముగుస్తుంది. అయిదు మెట్లకు పోతే లోతే 125 సెంటీమీటర్లు అవుతుంది కనుక హాలులోంచి సోఫా బయటికి పోవలసి వస్తుంది.

ఒకే కొలత గల అట్టపెట్టెలు పద్దెనిమిది సంపాదించండి. సుమారు 35 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 20 ఎత్తు ఉన్నవైతే ముందు వరుసలో మూడు, దాని వెనక ఒకదానిపై ఒకటిగా ఆరు, గోడవైపు తొమ్మిది పెడితే మెట్లు సిద్ధమవుతాయి. మందుల దుకాణంవారిని రెండు మూడు రోజుల ముందు అడిగి ఉంచితే ఒకే రకం పెట్టెలు దొరుకుతాయి. అట్ట పొరల మధ్యనున్న ముడతలు నిలువుగా ఉన్నప్పుడే పెట్టె బరువు మోస్తుంది, పక్కకు పడుకోబెడితే నొక్కుకుపోతుంది. అందువల్ల పెట్టెలను నిలువుగానే ఉంచి, లోపల పాత వార్తాపత్రికలను ఖాళీ లేకుండా కుక్కి, మూతలను టేపుతో మూసి, ఆ తరవాత పక్కపక్క పెట్టెలను ఒకదానికొకటి అతికించండి. టేపు పెట్టెలకే తప్ప గోడకు తగలనక్కరలేదు.

పైన ఒక తెల్ల పంచెను గోడవైపు నుంచి కిందికి పరచి, ప్రతి మెట్టు మూలలోనూ గుండుసూదితో అట్టకు గుచ్చితే ముడత లేకుండా నిలుస్తుంది. దీపం మాత్రం మెట్ల మీద పెట్టవద్దు. అట్ట, కాగితం, గుడ్డ ఉన్నచోటికి దూరంగా పీట మీద ఇత్తడి పళ్లెంలో ఉంచండి. సీరియల్ లైట్లు పెట్టినా వాటి తీగను పంచె కిందనుంచి పోనివ్వకండి. తోరణాన్ని కిటికీ ఊచలకు కట్టుకోవచ్చు.

జవాబు 2: మల్లేశ్వరం_మెంతులు

బొమ్మలను కాగితంతో చేయండి. అయితే ఒక హెచ్చరిక. కాగితాలను నానబెట్టి రుబ్బిన గుజ్జులో మెంతిపిండి కలిపి మన పెద్దవారు బుట్టలు చేసుకునేవారు. ఆ పద్ధతిలోనే నేను మూడేళ్ల క్రితం జానెడు ఎత్తు అమ్మవారిని చేశాను. దసరా ముందు బెంగళూరులో వానలు పోవు, ఎండ ముఖం చాటేస్తుంది. బొమ్మ పైకి గట్టిపడింది కానీ లోపల తడి ఆరలేదు. పాడ్యమి నాడు పొద్దున్నే చూస్తే అమ్మవారి చీర కుచ్చిళ్ల మీద బూడిదరంగు బూజు పట్టి ఉంది. దాన్ని తీసేసి ఆ స్థానంలో చెంబు పెట్టి పూజ చేశాము. గుజ్జు పని ఎండ మండే వేసవిలో మాత్రమే చేయదగినదని నా అభిప్రాయం.

మీరు పొరల పద్ధతిలో చేయండి. చిన్న నీళ్ల సీసాలో మూడో వంతు వరకు ఇసుక పోస్తే అదే బొమ్మ మొండెం అవుతుంది, పడిపోదు కూడా. కాగితాన్ని ఉండగా నలిపి టేపు చుట్టి మూత మీద అతికిస్తే తల తయారు. ఒక గ్లాసు మైదాను కాసిని చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, నాలుగు గ్లాసుల మరిగే నీటిలో పోసి, రంగు మారి పారదర్శకంగా అయ్యేదాకా కలియబెడితే జిగురు సిద్ధం. పురుగు పట్టకుండా పూర్వం బైండింగు పనివారు అందులో మైలుతుత్తం వేసేవారు కనుక మీరూ చిటికెడు వేసుకోవచ్చు. పత్రికను కత్తెరతో కాక చేతితో, రెండు వేళ్ల వెడల్పు పేలికలుగా చించండి. చినిగిన అంచు ఒకదానిలో ఒకటి కలిసిపోతుంది, కత్తిరించిన అంచు గీతగా కనబడుతుంది. శనివారం మూడు పొరలు వేసి వారమంతా ఫ్యాను కింద ఉంచి, మరుసటి శనివారం ఇంకో మూడు వేయండి. పూర్తిగా ఆరిన తరవాత సుద్దపొడిలో ఫెవికాల్ కలిపి ఒక పూత పూసి, అది ఆరాక గరుకు కాగితంతో మెల్లగా రుద్ది, ఆక్రిలిక్ రంగులు వేయండి. పోస్టరు రంగులు తడి చెయ్యి తగిలితే అంటుకుంటాయి. దేవతామూర్తి కంటే మీ వీధి చివర పూలమ్మే ఆవిడను చేయమంటే మీ అమ్మాయి ఎక్కువ ఇష్టంగా చేస్తుంది.

విరిగిన చెయ్యిని పారేయకండి. కొండపల్లి పనివారు తెల్ల పొణికి కర్రతో విడివిడిగా చెక్కిన భాగాలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతోనే అతుకుతారు. చింతగింజలను వేయించి, పొట్టు తీసి, మెత్తగా కొట్టి, నీటిలో ఉడికిస్తే జిగురొస్తుంది. అందులో జల్లించిన రంపపు పొట్టు కలిపి అతికి, దారంతో చుట్టి రెండు రోజులు కదపకుండా ఉంచండి.

జవాబు 3: బసవనగుడి_బామ్మ

పై వారు చెప్పిన మైలుతుత్తం విషపదార్థం. ఏడేళ్ల పిల్ల చేతులు పెట్టే జిగురులో అది వద్దమ్మా. నాలుగు లవంగాలు పొడిచేసి కలుపు, కాస్త ఎక్కువ చేసిన జిగురును ఫ్రిజ్‌లో దాచుకో. మరొక మాట. మెట్ల పక్కన చిన్న తోట పెట్టడం మన ఆచారమే. ఒక వెడల్పాటి పళ్లెంలో అంగుళం మందాన మట్టి పోసి, పాడ్యమికి వారం ముందు మెంతులో ఆవాలో దట్టంగా చల్లి, నీళ్లు పోయకుండా చిలకరిస్తూ ఉంటే పండుగ నాటికి పచ్చగా వస్తుంది. ఆ పని పూర్తిగా పిల్లకే అప్పజెప్పు.

వైట్‌ఫీల్డ్_వలస

అందరికీ కృతజ్ఞతలు. బామ్మగారూ, మైలుతుత్తం వేయను. ఒక పాత పట్టు చీర ఉంది, అంచు బాగుంది కానీ మధ్యలో అక్కడక్కడ చిరుగులున్నాయి. దానితో పాతిక కానుకలు వస్తాయా? విజయదశమి తరవాత ఇవన్నీ ఎక్కడ పెట్టాలన్నది కూడా నా దిగులు.

జవాబు 4: చీర_సంచి

వస్తాయండీ, మిగులుతాయి కూడా. చీర అయిదున్నర మీటర్ల పొడవు, 115 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకుంటే, 60 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు గల ముక్కలు అడ్డంగా నాలుగు, పొడవున తొమ్మిది వరుసలు, మొత్తం 36 వస్తాయి. చిరుగులున్న పదకొండు తీసేసినా పాతిక మిగులుతాయి. ముక్క రెండు చివరలనూ అయిదేసి సెంటీమీటర్లు లోపలికి మడిచి, దారం దూర్చడానికి గొట్టంలా కుట్టి, ఆ తరవాత మంచివైపు లోపలికి వచ్చేలా సగానికి మడిచి, పక్కలను ఆ గొట్టం కిందనుంచి అడుగు దాకా కుట్టాలి. గొట్టం చివరలు మూసేస్తే దారం ఎక్కదు. నేను మొదటి ఆరు సంచులకు అదే పొరపాటు చేసి రాత్రంతా విప్పుకున్నాను. పట్టు జారుతుంది కనుక మొదట ఒక పాత దిండు గలీబు మీద కుట్టి చూసుకోండి. దారాలు, చిన్న పూసలు చిక్‌పేట వైపు చవకగా దొరుకుతాయి. రెండు తమలపాకులు, వక్క, పసుపుకొమ్ము, ఒక అరటిపండు ఇందులో పడతాయి. కొబ్బరికాయ పెట్టదలిస్తే ముక్కలు వెడల్పుగా కోయాలి, అప్పుడు లెక్క మారుతుంది.

దాచే విషయానికి దిగులెందుకు? మీ మెట్లే మీ పెట్టెలు. దశమి రాత్రి ఒక బొమ్మను పడుకోబెట్టి, మర్నాడు పెట్టెల్లో కుక్కిన కాగితాలను బయటికి తీసి, ఆ కాగితాలతోనే బొమ్మలను చుట్టి, ఎండిన వేపాకు వేసి రెండు మూడు పెట్టెల్లో సర్దండి. మిగిలిన పెట్టెలను విప్పి చదును చేసి మంచం కిందకు తోసేస్తే చాలు. ఇసుక సీసా బొమ్మలను మాత్రం అడుగున పెట్టండి, లేకపోతే అతికిన చెయ్యి మళ్లీ ఊడుతుంది.