మామిడి తొక్క, టెంకలతో ఉమ్మడి యూనిట్ పెట్టాలంటే ఏ దారి మంచిది?

నమస్కారమండీ. మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర. కొందరు తోతాపురి రైతులం, పాడి రైతులం, ఒక చిన్న గుజ్జు ఫ్యాక్టరీ యజమాని కలిసి మామిడి వ్యర్థాలతో యూనిట్ పెట్టాలనుకుంటున్నాం. కాయ బరువులో మూడో వంతుకు పైగా తొక్క, టెంకల కిందే పోతుంది. సీజన్‌లో అవి రోడ్డు పక్కన కుళ్ళి, ఆ నీళ్ళు చెరువులోకి దిగుతుంటే చూడలేకపోతున్నాం.

టెంకలోని జీడి నుంచి తీసే కొవ్వును సబ్బులు, క్రీములు, చాక్లెట్లలో వాడతారు. కానీ జీడిని త్వరగా ఆరబెట్టకపోతే బూజు పడుతుంది. జూన్, జూలైలో ఎండను నమ్మలేం కదా! కొనేవాళ్ళు ఎంత తేమ వరకు ఒప్పుకుంటారు? తొక్క పుల్లగా ఉంటుంది కాబట్టి పేడ కలిపి బయోగ్యాస్ చేద్దామనుకున్నాం. సీజన్ అయిపోయాక ప్లాంటులో ఏం వేస్తున్నారు?

అసలు టెన్షన్ రిజిస్ట్రేషన్ గురించి. ప్రొడ్యూసర్ కంపెనీకి (ఉత్పత్తిదారులే సభ్యులుగా ఉండే కంపెనీ) 10 మంది ఉత్పత్తిదారులు చాలు. మరి ఫ్యాక్టరీ ఆయన్ను బయట ఉంచి ఒప్పందం రాసుకోవాలా, అందరం కలిసి ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత ఉండే భాగస్వామ్య సంస్థ) పెట్టుకోవాలా? రైతుల మాట చెల్లడం మాకు ముఖ్యం. ఇలాంటి యూనిట్ నడిపినవాళ్ళు దయచేసి చెప్పండి.