షార్ట్ ఫిల్మ్ ఆర్‌ఆర్ (నేపథ్య సంగీతం): ఇష్టమైన వయొలిన్ పెడితే మాటలు మునిగిపోతున్నాయి

ఫ్రేమ్_ఇరవైనాలుగు అడిగినది:

12 నిమిషాల షార్ట్ ఫిల్మ్, ఎడిటింగ్ పూర్తయింది. తల్లీ కూతుళ్లు ఇద్దరే పాత్రలు, దాదాపు అంతా ఒకే గదిలో సంభాషణ. టెంప్ మ్యూజిక్‌గా (అసలు సంగీతం వచ్చేదాకా తాత్కాలికంగా) నాకు ప్రాణమైన ఒక వయొలిన్ సోలో రికార్డింగ్ వేసి ఎడిట్ చేశాను. మ్యూజిక్ వినిపించేలా పెడితే తల్లి మాటలు అర్థం కావడం లేదు, తగ్గిస్తే అది ఉన్నా లేనట్టే ఉంది. హెడ్‌ఫోన్స్‌లో పర్వాలేదు కానీ ఫోన్‌లో మాట పోతోంది. పైగా చివర్లో కూతురు ఏడ్చే సీను, వయొలిన్ ఉన్నా తేలిపోతోంది. ఇంకొకటి: ఆర్టిస్టు పేరు క్రెడిట్స్‌లో వేస్తే ఆ రికార్డింగ్ ఫైనల్‌లో ఉంచుకోవచ్చా?

మంద్రస్థాయి జవాబు:

ఇది ఫేడర్‌తో (వాల్యూమ్ మీటతో) తీరే సమస్య కాదండి. పాశ్చాత్య శ్రుతిలో వయొలిన్ కింది తీగ 196 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. మాట్లాడేటప్పుడు ఆడవాళ్ల గొంతు సుమారు 165–255 మధ్య ఉంటుంది. అంటే రెండూ ఒకే చోట నిలబడుతున్నాయి. క, చ, ట, త లాంటి హల్లులు స్పష్టంగా తెలిసేది 2–4 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో. కమాను రాపిడి, పై స్వరాంశాలు కూడా అక్కడే పడతాయి. ఫోన్ స్పీకర్ కింది భాగాన్ని దాదాపు వదిలేసి ఈ పై భాగాన్నే గట్టిగా వినిపిస్తుంది కాబట్టి అక్కడ మాట ఓడిపోతుంది.

అందుకే వాయిద్యం ఎంపిక దగ్గరే సగం పని అయిపోవాలి. అదే భావం చెల్లో మీద ఒక స్థాయి కిందికి దింపి వాయిస్తే మాటకు చోటు దొరుకుతుంది. వయొలినే కావాలంటే, మాట నడుస్తున్నంతసేపు ఒకే స్వరం నిలపాలి, కదలిక అంతా మాటల మధ్య ఖాళీల్లో రావాలి. సాహిత్యం ఉన్న పాటను మాత్రం సంభాషణ కింద అసలు పెట్టకండి. రెండు మాటలు కలిసి వినిపిస్తే చెవి రెండింటినీ వదిలేస్తుంది.

ఇక మిక్స్. ముందు మ్యూజిక్ మ్యూట్ చేసి డైలాగ్ ఒక్కటే సరిచేయండి. నాయిస్ రిడక్షన్ ఎక్కువైతే హల్లుల అంచులు అరిగిపోతాయి, చాలా సినిమాల్లో మాట పోయేది ఇక్కడే. తర్వాత మ్యూజిక్‌ను డైలాగ్ కంటే 12–15 డీబీ (డెసిబెల్స్) కింద మొదలుపెట్టండి. మ్యూజిక్ ట్రాక్ మీద 2.5 కిలోహెర్ట్జ్ చుట్టూ వెడల్పుగా 3–4 డీబీ కోయండి, అదీ మాట ఉన్నచోటే, ఆటోమేషన్‌తో (ఎక్కడ ఎంత మారాలో ట్రాక్ మీద గీసి). సైడ్‌చెయిన్ కంప్రెసర్ (మాట వచ్చినప్పుడల్లా మ్యూజిక్‌ను తనంతట తానే దించేది) వాడితే రిలీజ్ (మ్యూజిక్ మళ్లీ పైకి లేవడానికి పట్టే సమయం) 400 మిల్లీసెకన్లకు తగ్గనివ్వకండి. తగ్గితే మాటకూ మాటకూ మధ్య మ్యూజిక్ ఎగసిపడుతుంది. చేత్తో గీసిన ఆటోమేషన్ ఇంకా మేలు: మాటకు అర సెకను ముందే మెల్లగా దించితే దించినట్టే తెలియదు.

కట్‌పాయింట్ జవాబు:

చివరి సీను గురించి. ఏడుపు కంటే ముందే వయొలిన్ వస్తే, ఏమనుకోవాలో ప్రేక్షకుడికి ముందే చెప్పేసినట్టు. ఇక నటి చేసేదంతా దాని వెనక నడుస్తుంది. మ్యూజిక్ పూర్తిగా తీసేసి ఆ సీను చూడండి. ఆమె మొహంలో నిర్ణయం కనిపించే క్షణం ఒకటి ఉంటుంది. దాని తర్వాతే మ్యూజిక్ రావాలి. సరిగ్గా కట్ మీద పెట్టకండి, కట్ అయిన సెకనుకో, ఒక కుర్చీ చప్పుడు కిందో మొదలైతే అతుకు కనిపించదు. ముగింపు కూడా స్వరవాక్యం పూర్తయ్యే చోటే. మధ్యలో ఫేడ్ అవుట్ చేస్తే ఎవరో వచ్చి కట్టేసినట్టుంటుంది.

12 నిమిషాల సంభాషణ సినిమాకు మొత్తం మూడు, నాలుగు నిమిషాల మ్యూజిక్ నా లెక్కలో చాలు. మొదటి నుంచీ మోగుతూ ఉంటే చివరికి వచ్చేసరికి చెవి అలవాటుపడిపోతుంది. చివరి ప్రవేశానికి ముందు కనీసం ఒక నిమిషం ఖాళీ ఉంచండి. ఖాళీ అంటే డిజిటల్ నిశ్శబ్దం కాదు, ఆ గది రూమ్ టోన్, అంటే ఎవరూ మాట్లాడనప్పుడు అక్కడ వినిపించే సన్నని శబ్దం. షూటింగ్‌లో అదే మైకుతో 30–60 సెకన్లు రికార్డు చేసి ఉంటే సరే. లేకపోతే మాటల మధ్య ఖాళీలు ఏరి, వేర్వేరు ముక్కలు క్రాస్‌ఫేడ్‌తో (ఒకటి తగ్గుతుండగా ఇంకోటి పెరిగేలా) అతకండి. ఒకే చిన్న ముక్కను లూప్ చేస్తే అది తాళంలా వినబడుతుంది.

టెంప్‌తో ఇంకో ప్రమాదం: ఎడిట్ దాని లయకు కట్టుబడిపోతుంది. ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ (1968)కి కంపోజర్ అలెక్స్ నార్త్ సంగీతం రాశాడు. దర్శకుడు కుబ్రిక్ మాత్రం టెంప్‌గా వాడిన క్లాసికల్ రికార్డింగులనే ఉంచేశాడు. అక్కడ ఆ ఎంపిక నిలిచింది కానీ, ఇష్టమైన ముక్కకు చెవి ఎంతగా అంటుకుంటుందో దాన్నిబట్టి తెలుస్తుంది. కంపోజర్‌కు "ఇలాంటిదే కావాలి" అనకండి. మీకు అందులో నచ్చిందేమిటో రాసివ్వండి: ఒంటరి వాయిద్యం, పొడవైన కమాను, మధ్యలో ఊపిరి తీసుకునేంత ఖాళీ, దగ్గరగా పెట్టిన మైకు శబ్దం. సీను పొడవూ చెప్పండి. 40 సెకన్ల సీనుకు నాలుగు బీట్ల బార్ అయితే 72 బీపీఎంలో (నిమిషానికి 72 బీట్లు) సరిగ్గా 12 బార్లు, 60లో 10. టెంపో మార్చి రాస్తే సాగదీయాల్సిన అవసరం రాదు.

సింక్_లైసెన్స్ జవాబు:

క్రెడిట్ వేరు, అనుమతి వేరు. పేరు వేస్తే సరిపోదు. ఒక రికార్డింగ్‌లో రెండు హక్కులుంటాయి: స్వరరచనది ఒకటి, ఆ రికార్డింగ్‌ది మరొకటి. రెండూ వేర్వేరు చేతుల్లో ఉండవచ్చు, రెండు అనుమతులూ కావాలి. స్వరరచన పాతదై పబ్లిక్ డొమైన్‌లో ఉన్నా కొత్త రికార్డింగ్‌కు హక్కుదారు ఉంటారు. "పది సెకన్లే కదా" అన్నది అనుమతి కిందికి రాదు.

క్రియేటివ్ కామన్స్ (షరతులతో ఉచితంగా వాడుకోనిచ్చే లైసెన్సులు) సంగీతానికి వెళితే లైసెన్స్ చివరి అక్షరాలు చూడండి. ఎన్‌డీ (మార్పులు కూడదు) ఉంటే వద్దు, ఎందుకంటే సంగీతాన్ని కదిలే బొమ్మకు జోడించడాన్ని ఆ లైసెన్సులు మార్పుగానే లెక్కిస్తాయి. ఎస్‌ఏ ఉంటే మీ సినిమానూ అదే లైసెన్స్ కింద విడుదల చేయాలి. డబ్బు కట్టి తీసుకునేటప్పుడు ఫెస్టివల్, ఆన్‌లైన్, ట్రైలర్ మూడూ, ఎంతకాలమో, ఏయే దేశాలకో కాగితం మీద ఉండాలి. ఫెస్టివల్‌కు మాత్రమే అని రాసుంటే, తర్వాత ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు మళ్లీ అడగాల్సిందే.

ఫ్రేమ్_ఇరవైనాలుగు:

చెల్లోతో కొత్తగా రాయించుకోవడమే మంచిదనిపిస్తోంది. కంపోజర్‌కు ఏమేం పంపాలి?

మంద్రస్థాయి జవాబు:

పిక్చర్ లాక్ అయ్యాకే (ఎడిట్ ఇక మారదని తేలాకే) పంపండి. టైమ్‌కోడ్ (గంట, నిమిషం, సెకను, ఫ్రేము అంకెలు) తెర మీద కనిపించే వీడియో ఒకటి, మ్యూజిక్ లేని డైలాగ్ ట్రాక్ విడిగా ఒకటి. మొదటి ఫ్రేముకు సరిగ్గా రెండు సెకన్ల ముందు ఒక్క ఫ్రేము పొడవున 1 కిలోహెర్ట్జ్ బీప్ పెట్టండి, సింక్ దాంతోనే చూసుకుంటారు. ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని ఫ్రేములో) రాసివ్వండి: మీది 23.976 అయి అటువైపు 24 అనుకుంటే 12 నిమిషాలకు దాదాపు 0.7 సెకను జారిపోతుంది. తిరిగి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లుగా, ఒక్కో వాయిద్యం విడి స్టెమ్‌గా (వేరే ట్రాక్‌గా) అడగండి. మాట కింద చెల్లో ఎక్కువైతే దాన్ని ఒక్కదాన్నే దించుకోవచ్చు, పియానో ఉంటే అది కదలదు.

ఫైనల్ మిక్స్‌ను ఫోన్‌లో, వాల్యూమ్ బాగా తగ్గించి ఒకసారి వినండి. స్క్రిప్టు తెలియని మనిషి పక్కన ఉంటే ఇంకా మంచిది. మీకు డైలాగులు కంఠతా వచ్చు కాబట్టి వినపడని మాట కూడా వినిపిస్తున్నట్టే ఉంటుంది.