ఫ్రెషర్లకు క్లౌడ్ ప్రాథమికాంశాలు వచ్చో రావో గంటలో తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న: హనుమకొండ_నివాసి

అందరికీ నమస్కారం. హనుమకొండలో పన్నెండు మందిమి పనిచేస్తున్న చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ మాది. మా ఖాతాదారుల వెబ్‌సైట్లు దాదాపు అన్నీ ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ వారి క్లౌడ్, అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే కంప్యూటర్లు) మీద నడుస్తున్నాయి కాబట్టి, వాటిని చూసుకోవడానికి ఇద్దరు ఫ్రెషర్లను తీసుకోవాలని పోయిన వారం ఎనిమిది మందిని ఇంటర్వ్యూ చేశాము. వరంగల్, కరీంనగర్ కాలేజీలలో బీటెక్ పూర్తి చేసి, అమీర్‌పేటలో మూడు నెలలు కోచింగ్ తీసుకుని వచ్చినవారే ఎక్కువ. ఐదుగురి దగ్గర ఏడబ్ల్యూఎస్ వారి తొలి మెట్టు సర్టిఫికెట్ అయిన క్లౌడ్ ప్రాక్టీషనర్ ఉంది. క్లౌడ్ అంటే ఏమిటని అడిగితే ఐయాస్, పాస్, సాస్ అని మూడు సేవల నమూనాల పేర్లూ తడుముకోకుండా చెప్పారు. వెబ్‌సైట్ తెరుచుకోకపోతే మొదట ఏమి చూస్తారని అడిగితే మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు. ఒక్కో అభ్యర్థికి గంటకు మించి సమయం ఇవ్వలేము. ఆ గంటలో ఏమి అడగాలి, ఏమి చేయించాలి?

సమాధానం: మడికొండ_మిత్రుడు

ఆ సర్టిఫికెట్‌ను తప్పుపట్టవలసిన పని లేదండి. 90 నిమిషాల్లో 65 ప్రశ్నలకు ఇచ్చిన ఆప్షన్లలోంచి జవాబు గుర్తించే పరీక్ష అది. కన్సోల్ (ఏడబ్ల్యూఎస్‌ను నడిపే వెబ్ పేజీ) తెరవవలసిన అవసరమే రాదు. డంప్‌లు (బయటికొచ్చిన పాత ప్రశ్నలు, జవాబులు) బట్టీపట్టి గట్టెక్కినవారికీ, అర్థం చేసుకుని చదివినవారికీ అదే కాగితం చేతికొస్తుంది. అందుచేత చెడగొట్టిన సర్వర్‌ను ముందు పెట్టి బాగుచేయమనడమే మేలు.

మేము చేసేది ఇది. ఒక చిన్న ఈసీ2 మెషీన్‌లో (ఏడబ్ల్యూఎస్ అద్దెకిచ్చే సర్వర్) వెబ్ పేజీలు పంపే ఎన్‌జిన్‌ఎక్స్ ప్రోగ్రామ్ పెట్టి, ఆ ప్రోగ్రామ్‌ను ఆపేసి, సెక్యూరిటీ గ్రూప్‌లో (ఏ పోర్టు గుండా ఎవరు రావచ్చో చెప్పే కాపలా నియమాలు) మనం లాగిన్ అయ్యే 22వ పోర్టును మాత్రమే తెరిచి ఉంచుతాము. బ్రౌజర్‌లో పేజీ చాలాసేపు తిరిగి తిరిగి టైమవుట్ అవుతుంది. అంటే అభ్యర్థన మెషీన్ దాకా చేరడం లేదని, దారిలోనే ఎవరో ఆపుతున్నారని గ్రహించినవారు సెక్యూరిటీ గ్రూప్ వైపు చూస్తారు. వెబ్ పేజీలు వచ్చే 80వ పోర్టు తెరిచాక టైమవుట్ పోయి, వెంటనే ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అని వస్తుంది. చాలామంది ఇక్కడ నిరుత్సాహపడతారు. తెలిసినవారి ముఖం వెలుగుతుంది, ఎందుకంటే ఇప్పుడు అభ్యర్థన మెషీన్‌ను చేరింది, లోపల వినేవారే లేరు. ఈ రెండు సందేశాల మధ్య తేడాను తన మాటల్లో వివరించగలిగిన ఫ్రెషర్‌ను మేము మరో ప్రశ్న వేయకుండా తరువాతి రౌండుకు పంపిన సందర్భాలున్నాయి. విసుగెత్తి అన్ని పోర్టులనూ 0.0.0.0/0కు, అంటే ప్రపంచం మొత్తానికి, తెరిచేసేవారూ ఉంటారు. పేజీ వస్తుంది, నిజమే. అలా ఎందుకు తెరవకూడదో వారే చెప్పగలరేమో అడిగి చూడండి.

సమాధానం: కాజీపేట_జంక్షన్

పైన చెప్పినది బాగుంది, అయితే బిల్లు సంగతి వదిలేశారు. క్లౌడ్‌కు అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2011లో ఇచ్చిన నిర్వచనంలో ఐదు లక్షణాలున్నాయి. బిల్లుకు మూలమైన వాడకపు కొలత వాటిలో ఒకటి. సేవల నమూనాలు మూడూ అప్పజెప్పేవారు దీన్ని మాత్రం మరచిపోతారు. నేను పేర్లు చెరిపేసిన ఒక నెల బిల్లు ఇచ్చి, ఎక్కడ డబ్బు వృథా అవుతోందో చెప్పమంటాను. మెషీన్‌ను ఆపినా దానికి తగిలించిన డిస్కుకు డబ్బు పడుతూనే ఉంటుంది. న్యాట్ గేట్‌వే (లోపలి మెషీన్లు ఇంటర్నెట్‌కు వెళ్లే ద్వారం) గుండా ఏమీ వెళ్లకపోయినా గంటల లెక్క ఆగదు. 2024 ఫిబ్రవరి నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 చిరునామాకు (ఇంటర్నెట్‌లో మెషీన్‌ను గుర్తించే నంబరు), వాడినా వాడకపోయినా, గంటకు 0.005 డాలర్లు వసూలు చేస్తున్నారు.

ఇంకో చిన్న ప్రశ్న: ‘నిన్న పెట్టిన మెషీన్ ఈరోజు కన్సోల్‌లో కనిపించడం లేదు, ఏమైంది?’ ముంబై రీజియన్‌లో (ఏడబ్ల్యూఎస్ డేటా సెంటర్లున్న ప్రాంతం; కన్సోల్ ఒక్కో ప్రాంతాన్ని విడిగా చూపిస్తుంది) పెట్టి వేరే రీజియన్‌లో వెతుకుతున్నారేమో చూడాలని చెప్పినవారు చేత్తో పని చేసినవారే. 2022లో వచ్చిన హైదరాబాద్ రీజియన్ మనకు దగ్గరే, కానీ ఖాతాలో దాన్ని మనమే ఎనేబుల్ చేసుకోవాలి. ఈ సంగతి ఫ్రెషర్లకు తెలియకపోతే మాత్రం తప్పుపట్టను.

సమాధానం: పాఖాల_చెరువు

నేను ఇక్కడి ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. మిత్రులతో కొంత విభేదిస్తున్నాను. ఏడబ్ల్యూఎస్ ఖాతా తెరవాలంటే కార్డు వివరాలు ఇవ్వాలి. 2025 జూలై 15 నుంచి తెరిచిన ఖాతాలకు పాత ఏడాది ఉచిత వాడకం పోయి, గరిష్ఠంగా 200 డాలర్ల క్రెడిట్లతో ఆరు నెలల ఫ్రీ ప్లాన్ వచ్చింది. నాన్న కార్డు నంబరు ఇస్తే ఎంత బిల్లు పడుతుందోనన్న భయంతో కన్సోల్ జోలికే వెళ్లని పిల్లలు మా తరగతిలో ఎందరో ఉన్నారు. వారిని బిల్లు చదవమంటే, తెలివిని కాదు, ఇంటి పరిస్థితిని పరీక్షించినట్టవుతుంది.

మడికొండ మిత్రుని పరీక్ష నాకు నచ్చింది, ఎందుకంటే అందులో క్లౌడ్ కంటే లైనక్స్, నెట్‌వర్కింగ్ ఎక్కువ. ఆ రెండూ పాత ల్యాప్‌టాప్ మీదనైనా నేర్చుకోవచ్చు. పక్కన కూర్చుని, ఏ మెనూ ఎక్కడుందో అడిగితే చెప్పండి, డాక్యుమెంటేషన్ చూసుకోనివ్వండి. మెనూ వెతకడంలో పది నిమిషాలు పోతే ఆ పదీ అభ్యర్థి ఖాతాలో వేయకండి. వీలైతే ఒక్కటి అడగండి: ఈసీ2లోని ప్రోగ్రామ్ ఎస్3లోని (ఏడబ్ల్యూఎస్ ఫైళ్లు దాచే సేవ) ఫైలు చదవాలంటే అనుమతి ఎలా ఇస్తారు? యాక్సెస్ కీని (పాస్‌వర్డ్ లాంటి రహస్య తాళం) కోడ్‌లో రాస్తామన్నవారికి ఐఏఎం రోల్ (తాళం రాయకుండానే మెషీన్‌కు అనుమతి ఇచ్చే పద్ధతి) గురించి రెండు వాక్యాలు చెప్పి, మళ్లీ అదే ప్రశ్న వేయండి. చెప్పింది పట్టుకునే శక్తి అక్కడ తెలుస్తుంది.

హనుమకొండ_నివాసి

ముగ్గురికీ ధన్యవాదాలు. నలభై నిమిషాలు చెడిన సర్వర్‌కూ, మిగిలిన సమయం ఐఏఎం ప్రశ్నకూ కేటాయిస్తున్నాము. బిల్లు ప్రశ్నను మార్కులు లేకుండా చివర్లో ఉంచుతాము. కాజీపేట గారి సమాధానం చదివాక మా బిల్లు తెరిచి చూశాను. ఎప్పుడో తీసేసిన మెషీన్ల డిస్కులు రెండు ఇంకా అలాగే ఉన్నాయి. ఇంటర్వ్యూకు పెట్టిన మెషీన్లను అదే సాయంత్రం తొలగించే పని నేనే చూసుకుంటాను, అన్ని రీజియన్లలోనూ.