చంపిన ఫంగస్ స్పోర్లతో టీకా: ఊపిరితిత్తులకు రక్షణ ఎందుకు రావట్లేదు?

ప్రశ్న (విశాఖ): ఊపిరితిత్తులకు సోకే ఆస్పర్‌జిల్లస్ ఫ్యుమిగేటస్ అనే బూజు స్పోర్లను (విత్తనాల్లాంటి కణాలను) వేడితో చంపి, ఆలమ్‌తో (టీకా ప్రభావం పెంచే అల్యూమినియం లవణంతో) కలిపి ఎలుకలకిస్తున్నాం. యాంటీబాడీలు వస్తున్నాయి, రక్షణ మాత్రం లేదు. లోపమెక్కడండీ?

జవాబు: నిద్రలో ఉన్న స్పోరునే చంపేస్తున్నారు. పైన రోడ్‌ఏ ప్రొటీన్ పొర, మెలనిన్ ఉంటాయి; లోపలి బీటా గ్లూకాన్ (గోడలోని చక్కెర గొలుసు) డెక్టిన్-1కు, అంటే దాన్ని గుర్తుపట్టే రోగనిరోధక కణాల గ్రాహకానికి, కనబడదు. చంపే ముందు ఆర్‌పీఎంఐ అనే పోషక ద్రవంలో 37 డిగ్రీల దగ్గర 4–6 గంటలు ఉంచండి. గంటకో చుక్క మైక్రోస్కోపు కింద చూడండి. 2–3 మైక్రాన్ల స్పోరు ఉబ్బాలి, మొలక రాకముందే ఆపాలి. మొలకొస్తే ఒకదానికొకటి అల్లుకుని లెక్క తప్పుతుంది.

మరో జవాబు: ఆలమ్ కూడా మార్చండి సార్. అది రోగనిరోధక స్పందనను టీహెచ్2 (ఎక్కువగా యాంటీబాడీలకు తోడ్పడే సహాయక టీ-కణాలు) వైపు లాగుతుంది. ఇక్కడ కావలసింది ఫంగస్‌ను చంపే కణాలను ఉసిగొల్పే టీహెచ్1, టీహెచ్17 రకాలు. బూస్టరు కూడా రోగనిరోధక శక్తిని తగ్గించే స్టెరాయిడ్ ఇవ్వకముందే పూర్తవ్వాలి. రోగుల్లోనూ అసలు చిక్కు అదే.

ఇంకొకరు: మన సముద్రపు తేమకు ప్లేట్ల మీద వేరే బూజు తేలిగ్గా పడుతుంది, జాగ్రత్త. చంపిన స్పోర్లను ప్లేటు మీద పరచి 48 గంటలు చూడండి. ఒక్క కాలనీ వచ్చినా ఆ బ్యాచ్ వాడొద్దు.